అల్లుడు గుంటలో పడ్డాడు

ఏంటే తల్లీ అది, ఫోనులో? బంతులాటా? ఏదీ, కాస్త ఇటు జరుగు, నన్నూ చూడనీ. కళ్ళజోడు ఎక్కడ పెట్టానబ్బా... ఆ, ఇక్కడే ఉందిలే, నెత్తి మీదే. ఓహో, పూల్. ఇదీ ఫోనులోకి వచ్చేసిందన్నమాట. ఆ గీత ఏంటి, బంతి ఎటు పోతుందో అదే గీసి చూపిస్తోందా? బాగుంది. మా రోజుల్లో ఆ గీత ఎవరికి వాళ్ళు బుర్రలో గీసుకోవాల్సిందే. కొట్టు, కొట్టు, నేనేం మాట్లాడనులే. అబ్బో, పడింది. చూశాను, చూశాను. సంబరం సరే గానీ నీ తెల్ల బంతి ఎక్కడ ఆగిందో చూశావా? పోయి పోయి ఆ మూలలో, ఆ రెండింటి వెనకాల నక్కింది. ఇప్పుడు దేన్ని కొడతావు? అదీ సంగతి. ఇదిగో, ఈ ఒక్క మాట జనానికి ఎక్కించడానికే మీ ముత్తాత బతుకంతా మొత్తుకున్నాడు. ముత్తాతంటే మీ అమ్మమ్మ వాళ్ళ నాన్న, నాకు పిల్లనిచ్చిన మామ. మీ అమ్మ బడికి పోయే రోజుల్లోనే పోయాడులే, నువ్వెక్కడ చూస్తావు. ఫోటోలో చూసుంటావు, మీసాలు, కాకీ చొక్కా. ఫోటో తీసేవాడు నవ్వమనేసరికి ఇంకా బిగుసుకుపోయాడు పాపం. అసలు మనిషి అలా ఉండడు.

బస్సు డ్రైవరు ఆయన. నేను అదే డిపోలో మెకానిక్కుని. నువ్వు డిపో లోపలికి ఎప్పుడూ పోయి ఉండవు కదూ? పెద్ద రేకుల షెడ్డు, అందులో వరసగా గుంటలు. గుంటంటే నేలలో మనిషెత్తు లోతు తవ్వి, సిమెంటు చేసి, ఓ పక్క మెట్లు పెడతారు. బస్సు తెచ్చి దాని మీద నిలబెడితే మేం కిందికి దిగి తల పైకెత్తి బ్రేకులూ అవీ చూసేవాళ్ళం. నా మెడ నొప్పి ఇవాళ్టిది కాదే, దాని పుట్టిల్లు ఆ గుంటే. ఇంతకీ ఏం చెప్తున్నాను, ఆ, గేటు పక్కన డ్రైవర్లూ కండక్టర్లూ నడుం వాల్చే గది ఒకటుండేది. దాంట్లో ఓ పూల్ బల్ల. ఎవరో క్లబ్బు మూసేస్తూ మాకు అంటగట్టారు. గుడ్డకి ఓ చోట అతుకు, ఓ కాలు పొట్టి. ఆ కాలు కింద పాత బ్రేకు లైనింగు ముక్క పెట్టింది నేనే. కర్ర కొసకి రాసే సుద్ద ఎప్పుడూ ఉండేది కాదు, గోడ సున్నానికి రుద్దేవాళ్ళం. రుద్ది రుద్ది గోడకి అక్కడ సొట్ట పడిపోయింది. మేస్త్రీ వచ్చి పూడ్చిపోతే వారం తిరక్కుండా మళ్ళీ సొట్ట.

మామని అందరూ రివర్సు గేరు అనేవాళ్ళు. ఎందుకంటే ఏ సందులోకైనా బస్సు పెట్టే ముందు ఆగేవాడు. దిగి చూసేవాడు. వెనక హారన్లు మోగనీ, లోపల జనం తిట్టనీ, ఉలుకూ పలుకూ లేదు. "లోపలికి ఎవడైనా పోతాడయ్యా, బయటికెలా వస్తావో అది చెప్పు" అనేవాడు. బల్ల దగ్గరా అదే వరస. ముందు కర్ర ముట్టుకోడు. చేతులు వెనక్కి కట్టుకుని బల్ల చుట్టూ ఓ తిరుగుడు తిరుగుతాడు, పొద్దున్నే బండి తీసేముందు టైర్లు చూసుకుంటారే, అలా. అందరూ మొదటి బంతిని చూస్తారా, ఆయన చివరిదాన్ని చూసేవాడు. చివర్న నల్లది వెయ్యాలి కదా, ఆ నల్లదానికి తెల్లది ఎక్కడుంటే బాగుంటుంది, అక్కడికి రావాలంటే దానిముందు ఏ బంతిని కొట్టాలి, దానికి మళ్ళీ ముందు ఏది... ఇలా వెనక నుంచి ముందుకి వచ్చేవాడు. "చివరి స్టాపు ఏదో తెలీకుండా బండి తీస్తావా?" అని అడిగేవాడు. మా వాళ్ళు ఏడిపించేవాళ్ళులే, ఆలు లేదు చూలు లేదు కొడుక్కి పేరెట్టాడన్నట్టుంది, ముందు ఎదురుగా ఉన్నదాన్ని పడెయ్ మామా అని. వినిపించుకునేవాడు కాదు. బల్ల అంచున బంతులు పడే గుంటలుంటాయి కదా, వాటి పక్కన సిద్ధంగా నిలబడ్డ బంతిని తొందరపడి వేసేవాడు కాదు, అది ఎక్కడికీ పారిపోదుగా అని. దారికి అడ్డొచ్చేదాన్ని ముందు తీసేవాడు. దెబ్బ కూడా మెత్తగా ఉండేది. తెల్లదాన్ని కింద తడితే వెనక్కొచ్చేది, నడిమికి తడితే అక్కడే ఆగేది, కాస్త పైన తడితే ముందు బంతి వెనకాలే నడిచేది. చూస్తే ఏముందీ ఇందులో అనిపించేది. ఆయన ఆటలో గొప్ప దెబ్బ ఒక్కటీ ఉండదు, అన్నీ పిల్లలు కొట్టే తేలిక దెబ్బలే. ఒకదాని తర్వాత ఒకటి తేలిగ్గా ఎలా వస్తున్నాయన్నదే ఎవడికీ అంతుపట్టేది కాదు.

ఇంకోడుండేవాడు, కండక్టరు, వాణ్ణి పిడుగు అనేవాళ్ళం. వాడు కొడితే బంతి గుంటలో పడటం కాదు, గుంట ఊడి చేతికొచ్చేది. గదంతా దద్దరిల్లేది. నోరూ అంతే, టికెట్ టికెట్ అని అరిచీ అరిచీ ఇంట్లో ఉప్పు అడిగినా వీధి చివరికి వినపడేది. పైగా వాడి నోట్లో నువ్వుగింజ నానదు. మామ వాడితో అనేవాడు, "పిడుగు పడింది సరేరా, పడ్డాక నువ్వెక్కడున్నావో చూసుకో" అని. వాడు చూసుకునేవాడు కాదు, నీలాగే. కోపం తెచ్చుకోకే, ఊరికే అన్నాను.

అసలు చెప్పాల్సింది మరిచిపోయాను. మామ ఆ తెల్ల బంతిని తెల్ల బంతి అనేవాడు కాదు. అల్లుడు అనేవాడు. నవ్వకు, నిజం. నేను ఆయనకి అల్లుణ్ణి కాకముందు నుంచీ ఉన్న మాటే అది. అదేంటి మామా అంటే, "ఆలోచించరా. మిగతా వాళ్ళంతా గుంటలో పడొచ్చు, వాడొక్కడూ పడకూడదు. పని జరగాలంటే వాడు కదలాలి, కదిలాక వాడు ఎక్కడ కూర్చోవాలో మనమే ముందు చూసిపెట్టాలి. చోటు నచ్చలేదో, అలిగి కూర్చుంటాడు, ఇక ఎవడూ ఏం చెయ్యలేడు. అల్లుడు కాక ఇంకెవడు?" అనేవాడు. డిపో అంతా అదే మాట పట్టేసింది. అల్లుడికి చోటు చూడు, అల్లుడు అలిగాడు, అల్లుణ్ణి మెల్లగా తట్టు. అల్లుడు గుంటలో పడితే ఆ వేసినవాడు అందరికీ టీ పోయించాలి. మామ ఎప్పుడూ పోయించలేదు. ఎప్పుడూ అంటే ఎప్పుడూనే. తర్వాత నాకు వాళ్ళమ్మాయినిచ్చి చేశాడా, ఇక చూడు మా వాళ్ళకి పండగ. "ఏం మామా, అల్లుణ్ణి మరీ మెత్తగా కొడుతున్నావ్?" అని ఒకడు. "మెత్తగా కొడితేనే మాట వింటాడు" అని మామ, నా వైపు చూడకుండా. నేను గ్రీజు చేతులు తుడుచుకుంటూ నవ్వేసేవాణ్ణి, ఇంకేం చేస్తాను.

మీ అమ్మమ్మ అప్పుడు డిపోకి ఎదురుగా మందుల షాపులో పనిచేసేది. తెల్ల కోటు వేసుకుని బిళ్ళలు చిన్న కవర్లలో పోసిచ్చేది. మేం అన్నయ్యా వదినా వాళ్ళతో కలిసి ఉండేవాళ్ళం. ఇల్లు ఇరుకు, పిల్లలు నలుగురు, మా ఇద్దరికీ మాట్లాడుకోవాలంటే వంటగదిలో గిన్నెలు తోమే వంక. వేరే గది చూసుకుందాం అంది తను. అన్నయ్యకి మొహం ఎలా చూపించను అన్నాను నేను. తను ఓ మాటంది, నేను రెండన్నాను, చిలికి చిలికి గాలివానైంది. వాళ్ళ నాన్న ఇంటికి పోయి కూర్చుంది. అక్కడితో ఆగిందా అంటే, అదీ లేదు. మొగుడొచ్చి పిలిస్తే వస్తానని ఆవిడ. తనే వెళ్ళింది, తనే రావాలని నేను. ముక్కు మీద కోపమే గానీ ఇద్దరిలో ఎవరికీ ఆ ముక్కు దించుకోవడం రాదు. నెల దాటింది, రెండో నెలా సగమైంది. రోజూ గేటు దగ్గర నిలబడితే ఎదురుగా షాపు, ఆ షాపులో తను, మధ్యలో రోడ్డు. ఎంతుంటుంది ఆ రోడ్డు, ఓ బస్సు అడ్డంగా నిలబడితే సరిపోతుంది. దాటినవాడు లేడు.

ఆ సమయంలోనే దూరపు డిపోకి ఓ మెకానిక్కు కావాలన్నారు. నేను పోతానని చెయ్యెత్తేశాను. దూరమంటే మామూలు దూరం కాదు, ఓ పగలూ ఓ రాత్రీ ప్రయాణం. అలా పోయి, పెళ్ళాం పిల్లల్ని ఇక్కడే వదిలి, అక్కడే ఉండిపోయినవాళ్ళు నాకు తెలుసు. పోతే ఇక అంతేనని నాకూ లోపల తెలుసు, తనకీ తెలుసు. అయినా ఎవరం పెదవి విప్పలేదు. మళ్ళీ సోమవారం బయల్దేరాలి. డిపోలో మామని తిట్టనివాడు లేడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, కూతుర్ని ఇంట్లో పెట్టుకుని ఈయన కర్ర పుచ్చుకుని ఆడుతున్నాడు చూడు అని. పిడుగైతే మొహం మీదే అడిగేశాడట, నీ కూతురికి నువ్వు ఓ మాట చెప్పలేవా మామా అని. అప్పుడు మామ అన్న మాట వాడు తర్వాతెప్పుడో నాకు చెప్పాడు. "చెప్తే వెళ్తుందిరా. నేను చెప్పానని వెళ్తుంది. అల్లుడికి చెప్పినా అంతే, నా మాట కాదనలేక వచ్చి తీసుకెళ్తాడు. బంతి పడుతుంది. ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఎక్కడుంటారు?" అన్నాడట. పిడుక్కి ఏం అర్థమైందో తెలీదు, టీ తాగేసి పోయాడట.

ఇక ఆ రోజు. శనివారం మధ్యాహ్నం, ఎండ మండిపోతోంది. నేను గుంటలో ఉన్నాను, పైన ఓ పాత బండి, వెనక బ్రేకు పట్టేసి చక్రం కదలడం లేదు. అవతల గదిలో మామకీ పిడుక్కీ ఆట. ఇదంతా నేను చూడలేదు సుమా, తర్వాత పదిమంది పదిసార్లు చెప్పగా విన్నది. మామ కిటికీ తీయించాడట, ఉక్కపోస్తోందని. ఆ కిటికీ గేటు వైపుంటుంది. గేటు దగ్గర కొత్త వాచ్‌మన్, అతనొచ్చి ఇంకా వారం కాలేదు. మంచివాడే, కాస్త కంగారు మనిషి. మామ అతన్ని కిటికీ దగ్గరికి పిలిచి, బాబూ తలనొప్పిగా ఉంది, ఎదురు షాపులో ఓ బిళ్ళ తెచ్చిపెడతావా అన్నాడట. ఏ బిళ్ళండీ అంటే, ఉండు, ఈ ఆట అవనీ, చెప్తాను అన్నాడట. అతను కిటికీ అవతల నిలబడ్డాడు. బల్ల మీద ఇక నల్లదొక్కటే ఉంది, గుంట మూతి దగ్గర, ఊదితే పడిపోయేలా. తెల్లది దానికి సూటిగా, ఎప్పట్లాగే ఎక్కడ కూర్చోవాలో అక్కడ కూర్చునుంది. కళ్ళు మూసుకుని కొట్టొచ్చు. మామ వంగాడు, తట్టాడు. నల్లది పడింది. దాని వెనకాలే అల్లుడూ కదిలాడు. మెల్లగా, మెల్లగా, ఆగుతాడు ఆగుతాడు అనుకుంటుంటే, గుంట అంచు దాకా వెళ్ళి, తొంగిచూసి, పడ్డాడు. నల్లదాంతో పాటు తెల్లది కూడా పడితే ఆట పోయినట్టే. తర్వాత పిడుగు అరిచాడు చూడు. "అల్లుడు గుంటలో పడ్డాడ్రోయ్! మామా, నీ అల్లుడు గుంటలో పడ్డాడు!" అని. డిపో గోడలు దాటింది ఆ కేక.

మా వాళ్ళకి ఆ మాటంటే ఏంటో తెలుసు. కొత్త వాచ్‌మన్‌కి ఏం తెలుసు? అతనికి తెలిసిన గుంటలు షెడ్డులో ఉన్నవే, అతనికి తెలిసిన అల్లుణ్ణి నేనే, ఎదురు షాపులో ఉన్నది మా ఆవిడన్న సంగతీ డిపో కబుర్లలో చెవిన పడే ఉంది. బిళ్ళా లేదు గిళ్ళా లేదు, ఒక్క పరుగున రోడ్డు దాటి షాపు ముందు నిలబడ్డాడు. "అమ్మా, మీ ఆయన గుంటలో పడ్డాడమ్మా" అన్నాడు.

నేను ఇవేవీ తెలీకుండా కింద సుత్తితో బ్రేకు డ్రమ్ము కొట్టుకుంటున్నాను. వెలుతురు ఎవరో ఆపినట్టనిపించి తల తిప్పితే, గుంట అంచున రెండు కాళ్ళు, పైన తెల్ల కోటు. వంగి చూస్తోంది, ఆయాసపడుతోంది. నెలన్నర తర్వాత ఆ మొహం అంత దగ్గరగా చూడటం అదే. "పడ్డారా?" అంది. "పడలేదే, మెట్ల మీదుగా దిగాను" అన్నాను. ఇంకా నయం, అంతకంటే తెలివైన మాట నోటికి రాలేదు. తను అక్కడే, ఆ నూనె మరకల మీదే, కూలబడిపోయింది. నవ్విందో ఏడ్చిందో ఇప్పటికీ చెప్పలేను, రెండూ కలిసే వచ్చాయి. నేను పైకొచ్చాను. దెబ్బలేమైనా తగిలాయా అని చేతులు తిప్పి తిప్పి చూసింది, పడలేదు మొర్రో అంటున్నా వినకుండా. కోటంతా గ్రీజు. ఆ తర్వాత తిన్నారా అంది, లేదన్నాను. గది ఒకటి చూశాను, షాపు వెనక సందులో, గాలి బాగా వస్తుంది అంది. సరే చూద్దాం అన్నాను. అంతే. నెలన్నర గొడవ ఆ రెండు ముక్కల్లో తేలిపోయింది. తనే వచ్చిందని నా మీసం నిలబడింది. పడ్డాడంటే వచ్చాను గానీ ఊరికే రాలేదని తన మాట నిలబడింది. ఆ దూరపు డిపోకి ఇంకో కుర్రాణ్ణి పంపారు.

నాకు కాస్త బుర్ర ఉంది కదా, తర్వాత తాపీగా ఆలోచించాను. మామకి తలనొప్పి ఏంటి, ఆయన బతుకులో బిళ్ళ మింగడం నేను చూడలేదు. ఆడటానికి ఎంతమంది ఉన్నా ఆ రోజు పిడుగునే ఎందుకు పిలిచాడు, కిటికీ ఎందుకు తీయించాడు, పాత వాచ్‌మన్ సెలవు మీద పోయి కొత్తవాడు వచ్చేదాకా ఎందుకు ఆగాడు? ఓ రోజు ఒంటరిగా దొరికితే అడిగేశాను, మామా, చెయ్యి నిజంగానే జారిందా అని. ఆయన కర్ర గోడకి ఆనించి, నా వైపు చూసి, "ఆట ఓడిపోయినవాణ్ణి ఇలా గుచ్చి గుచ్చి అడుగుతారటయ్యా? ఆ టీ తాగు, చల్లారిపోతుంది" అన్నాడు. మళ్ళీ కర్ర అందుకుంటూ, "అమ్మాయితో అనకు" అన్నాడు. చాలదూ? అర్థమైపోయింది. ఆ క్షణాన ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది, కానీ కిటికీలోంచి గేటు దగ్గరివాళ్ళు చూస్తారని ఊరుకున్నాను. పెట్టాల్సింది.

ఇక నేను ఆ రహస్యాన్ని ఎంత భద్రంగా దాచాననుకున్నావు. పాపం తండ్రి చేతిలో మోసపోయానని తెలిస్తే బాధపడుతుందని మీ అమ్మమ్మ దగ్గర ఎన్నడూ పైకి రానివ్వలేదు. పైగా నలుగురు చేరినప్పుడల్లా నాకదే కథ. బంతి పడితే మొగుడు పడ్డాడనుకుని రోడ్డు మీద పరిగెత్తిన ఆవిడ మా ఆవిడ అని. అందరూ పడీ పడీ నవ్వేవాళ్ళు. తను కూడా నవ్వేది, ఏం చేస్తానమ్మా, ఆ మాటకి అర్థం నాకేం తెలుసు అనేది. మామ ఓ మూలన కూర్చుని గోళ్ళు చూసుకునేవాడు. ఏళ్ళూ పూళ్ళూ చెప్పాను ఆ కథ.

ఆయన పోయాక, వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక, ఓ సాయంత్రం మేమిద్దరమే ఆయన గది సర్దుతున్నాం. కాకీ చొక్కాలు మడతపెడుతోంది తను. ఇంక ఆయనే లేరు కదా, దాచి లాభమేంటనిపించి చెప్పేశాను. చూడు, ఆ రోజు మీ నాన్న చెయ్యి జారలేదు, కావాలనే వేశాడు, నువ్వు ఏమీ అనుకోకు అని. తను మడత ఆపలేదు. "నాకు తెలీదనుకున్నారా?" అంది. ఏం తెలుసు నీకు అన్నాను. "ఆ మాట వింటూ పెరిగినదాన్నండీ. మా ఇంట్లో భోజనాల దగ్గర కూడా అల్లుడు ఎక్కడ ఆగాడన్నదే కబురు. వాచ్‌మన్ వచ్చి అనగానే తెలిసింది బంతేనని. మా నాన్న దాన్ని ఎప్పుడూ పడనివ్వడు. పడనిచ్చాడంటే నన్ను పిలిచాడన్నమాట" అంది. మరి అంత పరుగు ఎందుకు పరిగెత్తావే అన్నాను. "మొగుడు పడ్డాడంటే ఎవరైనా నడిచొస్తారా?" అంది. అంటే చూశావా, ఆ రోజు ఆ డిపోలో గుంటలో పడిందేంటో తెలియని పిచ్చివాళ్ళం నేనూ ఆ కొత్త వాచ్‌మనూ, ఇద్దరమే. అన్నేళ్ళూ తండ్రీ కూతుళ్ళు ఒకరికొకరు చెప్పుకోకుండా, నా కథకి నాతో పాటు కూర్చుని నవ్వారు.

నవ్వుతావేం, ఇంకా ఉంది. చొక్కాలు పెట్టెలో పెట్టి, మూతేసి, దాని మీద చెయ్యి అలాగే ఉంచి అంది. "తెలుసు గానీ, గేటు దాటేదాకానే తెలుసు. గేటు దాటి ఆ గుంటలు చూశాక, ఏమో, ఒకవేళ నిజంగానే మీరు పడ్డారేమో అనిపించింది. అక్కణ్ణుంచి పరిగెత్తింది మాత్రం నిజమేనండీ" అంది.

...

ఆ? ఏం లేదు. ఆ నీళ్ళ గ్లాసు ఇటివ్వు, మాట్లాడీ మాట్లాడీ దాహమేసింది. ఉష్, అదిగో, మీ అమ్మమ్మ వస్తోంది. అబ్బే, ఏం లేదోయ్, ఊరికే, పిల్ల ఈ ఫోనుకి ఛార్జింగు ఎన్నాళ్ళొస్తుందో చెప్తోంది. నువ్వు కూర్చో. ఇలా, నా పక్కన కూర్చో.